మేస్త్రీకి పైసలు ముందే పోయాయి, పని ఆగింది. ఇప్పుడు ఎలా మాట్లాడాలి?

గోపాల్‌పూర్ ఇల్లు

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికతో చదవండి.

హన్మకొండ గోపాల్‌పూర్‌లో 200 గజాల్లో అమ్మ, బాపు కోసం ఇల్లు కట్టిస్తున్నాను. నా ఉద్యోగం హైదరాబాద్‌లో. శనివారం రాత్రి కాజీపేటలో దిగి, ఆదివారమంతా సైట్ దగ్గర ఉండి, సాయంత్రం మళ్లీ రైలెక్కుతాను. కింద ఒక పోర్షన్, పైన ఒకటి, ఒక్కో స్లాబు 1,250 చదరపు అడుగులు. సిమెంటు, స్టీలు, ఇటుక, ఇసుక, కంకర అన్నీ నేనే తెప్పించాలి. పని మాత్రం మేస్త్రీకి గుత్తకు ఇచ్చాం. సెంట్రింగ్ (స్లాబు పోయడానికి కింద పలకలు కట్టడం), గోడలు, ప్లాస్టరింగ్ కలిపి అడుగుకు 380 చొప్పున మొత్తం 9,50,000. కాగితం ఏమీ రాసుకోలేదు. మా మేనమామ ఇల్లు కట్టిన మనిషి, పనిమంతుడని అందరూ అంటే మాట మీదే మొదలుపెట్టాం.

ఇప్పటికి కింది స్లాబు పడింది, కింది గోడలు లేచాయి, పై పిల్లర్లు నిలబడ్డాయి. ఇచ్చింది 5,60,000. ఎప్పుడూ ఒక లెక్క ప్రకారం ఇవ్వలేదు. లేబర్‌కు పండుగ ఖర్చులన్నాడు, ఇచ్చాను. బిడ్డ కాలేజీ ఫీజన్నాడు, ఇచ్చాను. దర్వాజ ఎత్తిన రోజు ఆయనకు, వాళ్లావిడకు బట్టలు పెట్టాం. స్లాబు నాడు యాట కోసి దావత్ ఇచ్చాం. ఇంట్లో మనిషిలాగే చూశాం, అందుకే ఇంత బాధగా ఉంది.

ఇవాళ్టికి 23 రోజులు, సైట్ మీద ఒక్క మనిషి లేడు. ఫోన్ చేస్తే మోగుతుంది కానీ ఎత్తడు. మా బాపు పొద్దున్నే పోయి ఇటుకల కుప్ప మీద కూర్చుని మధ్యాహ్నం దాకా ఎదురుచూసి వస్తున్నాడు. ఆయనకు 68 ఏళ్లు, షుగర్ ఉంది. పోయిన ఆదివారం తెలిసిందేమిటంటే మేస్త్రీ భీమారంలో వేరే ఇంటి పని చేయిస్తున్నాడు. అక్కడికే వెళ్లి అడిగాను. పై స్లాబుకు సెంట్రింగ్ వాళ్లకు కట్టాలి, ఇంకో లక్ష ఇస్తేనే మొదలవుతుందన్నాడు. పైగా సంపు, కాంపౌండ్ గోడ, దేవుడి గది మార్చడం, వీటికి వేరుగా 85,000 రావాలట. దేవుడి గది మార్చమని నేను ఎప్పుడూ అనలేదు.

నా ప్రశ్న ఒకటే. ఈ మనిషి నాకు ఏమవుతాడు? పైసలిచ్చేది నేను, నేను చెప్పిన టైమ్‌కు రావాలి కదా? లేదు, ఆయన నా దగ్గర జీతానికి లేడు, తన పని తనది అంటే మరి నాకు ఆయన మీద ఉన్న పట్టు ఏమిటి? లక్ష ఇవ్వాలా, మేస్త్రీని మార్చాలా, కేసు పెట్టాలా? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

కేయూ క్రాస్ రోడ్

లక్ష ఇవ్వకండి. ఠాణాలో కంప్లైంట్ ఇవ్వండి, మరుసటి రోజే పనిలోకి వస్తాడు.

సుతారి మేస్త్రీ, హసన్‌పర్తి

తమ్మీ, నేను 19 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ముందు కూలీ, తర్వాత గోడలు కట్టే సుతారి, ఇప్పుడు మేస్త్రీ. ఆ మేస్త్రీని వెనకేసుకు రావడానికి రాయడం లేదు. 23 రోజులు ఫోన్ ఎత్తకపోవడం తప్పే. మీ బాపును ఎండలో కూర్చోబెట్టడం ఇంకా పెద్ద తప్పు. కానీ మీరు అడిగిన మాట, ఆయన నాకు ఏమవుతాడు అన్నది, చాలామంది ఓనర్లు ఇల్లు అయిపోయాక అడుగుతారు. మీరు సగంలో అడిగారు కాబట్టి చెబుతున్నాను.

మీరు ఆయన దగ్గర కొన్నది పని. ఆయన రోజులు కొనలేదు. నెలకింత అని జీతమిచ్చి పెట్టుకుంటే ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి పోవాలి, ఇవాళ ఈ గోడ కట్టు, రేపు ఆ గోడ కట్టు అని చెప్పే హక్కు మీది. అప్పుడు వానొచ్చి పని ఆగినా, ఇసుక రాకపోయినా కూలి మీరే ఇవ్వాలి. గుత్తకు ఇచ్చారంటే ఆ నష్టం ఆయన నెత్తి మీదకు పోయింది, దాంతో పాటే ఎవరిని పెట్టాలి, ఏ రోజు ఎంతమందిని తేవాలి అన్నది కూడా ఆయన చేతికి పోయింది. మీకు మిగిలిన పట్టు రెండే. పని ఎలా ఉండాలో, ఎప్పటికి కావాలో చెప్పడం ఒకటి, అయిన పనికే పైసలివ్వడం రెండోది. ఆ రెండోదాన్ని మీరు తెలియకుండానే వదిలేశారు.

ఇప్పుడు ఆయన వైపు లెక్క చూడండి. నాది నేను చెబుతాను. ఒక సైట్ మీద నలుగురు సుతారులు, ఐదుగురు కూలీలు అనుకోండి. సుతారికి 1,100, కూలీకి 750 ఇస్తే రోజుకు 8,150, ఆరు రోజులకు 48,900. ఆదివారం పొద్దున మా ఇంటి ముందు తొమ్మిది మంది నిలబడతారు. ఓనర్ ఇచ్చాడా లేదా అన్నది వాళ్లకు సంబంధం లేదు, వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగాలి. ఒక్క వారం ఇవ్వకపోతే సోమవారం వేరే మేస్త్రీ దగ్గర ఉంటారు. నాలుగు రోజులు ఇసుక రాక పని ఆగినా అంతే, అడ్డా మీదకు పోయి ఇంకొకరి బండెక్కుతారు. వరి నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు అసలు దొరకరు. మేడారం జాతరకైతే వారం ముందు నుంచే సైట్లు ఖాళీ. అందుకని మనుషులను నిలబెట్టుకోవడానికి మేస్త్రీ రెండో సైట్ పట్టుకుంటాడు. ఇక్కడ ఆగితే అక్కడికి పంపుతాడు. అది మోసం కాదు, అది లేకపోతే మా బతుకు నడవదు.

ఖరాబయ్యేది మూడో సైట్ దగ్గర. మొదటి ఇంటి ఓనర్ గృహప్రవేశం చేసుకుని చివరి పైసలు ఇవ్వకుండా తిప్పుతుంటాడు. ఆ లోటు పూడ్చడానికి రెండో ఇంటి ఓనర్ దగ్గర ముందే తీసుకుంటాడు. రెండో ఇంటి పని చేయడానికి పైసలుండవు, మూడో ఇంటి బయానా పట్టుకుంటాడు. నేను కూడా ఒకసారి ఇందులో పడ్డాను, ఏడు నెలలు ముగ్గురు ఓనర్లకు ముఖం చూపించలేకపోయాను. ఫోన్ మోగుతుంటే ఎత్తడానికి భయమేసేది, ఎందుకంటే చెప్పడానికి నా దగ్గర తారీకు లేదు. మీ మేస్త్రీ ఫోన్ ఎత్తకపోవడం చూస్తే నాకు అదే గుర్తొచ్చింది.

లక్ష మాత్రం ఇవ్వకండి. అది మీ స్లాబుకు రాదు, వేరే ఇంటి సెంట్రింగ్ బాకీకి పోతుంది. ఠాణాకు కూడా పోకండి. భయపెట్టి తెచ్చిన మేస్త్రీ మీ ఇంటి స్లాబు మనసుపెట్టి పోయడు.

రిటైర్డ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)

బాబూ, ముందు కోపం పక్కన పెట్టి కాగితం తీసుకో. ఎంత ఇచ్చావన్నది తెలుసు, ఎంత పని అయిందో నీకు తెలియదు. గొడవంతా అక్కడే ఉంది.

నేను చేయించిన ఇళ్లకు లేబర్ గుత్తను ఇలా విడగొట్టేవాడిని. పునాది, బేస్‌మెంట్‌కు నూటికి 15. కింది స్లాబుకు 20, కింది గోడలకు 10. పై స్లాబుకు 20, పై గోడలకు 10. లోపలా బయటా ప్లాస్టరింగ్‌కు 20. పిట్టగోడ, మెట్లు, చిల్లర పనులకు చివరి 5. ఒక్కొక్కరు కొంచెం అటూ ఇటూ వేస్తారు, ఫర్వాలేదు. నీ ఇంట్లో ఇప్పటికి 15, 20, 10 కలిపి 45 అయింది. 9,50,000లో అది 4,27,500. నువ్వు ఇచ్చింది 5,60,000. అంటే 1,32,500 ముందుకు పోయింది. పిల్లర్లు నిలబడ్డాయి కాబట్టి అందులో కొంత తగ్గించినా లక్షకు పైనే. ఇక్కడి నుంచి ఆయన చేసే ప్రతి పనికీ కొంత కూలి ముందే తినేసినట్టు ఆయనకు అనిపిస్తుంది, భీమారంలో అయితే ఇవాళ చేస్తే ఇవాళ పైసలొస్తాయి. మనిషి మంచివాడైనా కాళ్లు అటే పోతాయి.

ఇంకో మాట, దీన్ని కూడా పైసలతో కలిపి చూడు. పై స్లాబు పడ్డాక సెంట్రింగ్ త్వరగా విప్పేద్దామని ఒత్తిడి వస్తుంది, ఎందుకంటే ఆ పలకలు, వాటి కింద ఆనించే పోట్లు ఇంకో సైట్‌కు పోవాలి. ఒప్పుకోవద్దు. కాంక్రీట్ పనికి ఉన్న ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం స్లాబు కింద పోట్లు 4.5 మీటర్ల లోపు గదికి 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీమ్‌ల కింద 6 మీటర్ల లోపైతే 14 రోజులు, మించితే 21. క్యూరింగ్, అంటే స్లాబును నీళ్లతో తడిపి ఉంచడం, మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, మనం ఎక్కువగా వాడే పీపీసీకి (బూడిద కలిపిన సిమెంటు) కనీసం 10 రోజులు. ఎండాకాలం అయితే ఇంకా పెంచు. నీళ్లు ఎవరు కొట్టాలన్నది ముందే తేల్చుకో. మేస్త్రీ ఓనర్ పని అంటాడు, ఓనర్ మేస్త్రీ పని అంటాడు, మధ్యలో స్లాబు ఎండుతుంది. స్లాబు మీద నీళ్లు నిలవడానికి మడులు కట్టి ఇచ్చేది మేస్త్రీ, నీళ్లు నింపేది మీ బాపు అనుకుంటే చాలు, కానీ అనుకోవాలి.

'అడుగు' అంటే ఏ అడుగో కూడా అడుగు. బాల్కనీ పూర్తిగా లెక్కా, సజ్జలు సగమా, మెట్ల పైకప్పు ఉందా లేదా? చివరి బిల్లు రోజు కొట్లాటలు నేను చూసినవన్నీ దీని మీదే.

గోపాల్‌పూర్ ఇల్లు

సార్, అన్నా, చాలా థ్యాంక్స్. 1,32,500 అన్న అంకె చూసి చాలాసేపు ఏమీ తోచలేదు. నేనింకా పని కంటే తక్కువే ఇచ్చానేమో అనుకుంటున్నాను.

ఇంకో విషయం. రాత్రి బాపును అడిగాను. దేవుడి గది ఈశాన్యానికి జరపమని సుతారికి చెప్పింది బాపే. అప్పటికే లేచిన గోడ పగలగొట్టి మళ్లీ కట్టారట. కాంపౌండ్ గోడ ఎత్తు పెంచమన్నది కూడా ఆయనే. నాకు చెప్పడం మర్చిపోయాడు. అంటే ఆ పైసలు నేను ఇవ్వాల్సిందేనా? 85,000 మాత్రం ఎక్కువే అనిపిస్తోంది.

జగిత్యాల అక్క

తమ్ముడూ, మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, ఇల్లు నేనే కట్టించాను. మీ బాపు సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా ఇంటి దగ్గర నేను ఒకటి చెప్పేదాన్ని, మా మరిది ఇంకోటి చెప్పేవాడు, రాత్రి మస్కట్ నుంచి ఫోన్‌లో మూడోది వచ్చేది. మేస్త్రీ ముగ్గురికీ తలూపేవాడు. మెట్లు ఎటు తిరగాలన్నది మూడుసార్లు మారింది. చివర్లో 18,000 ఎక్స్‌ట్రా అడిగితే నేను ఆయన మీద అరిచాను. ఆయన నోరెత్తకుండా ఫోన్‌లో ఉన్న వాయిస్ మెసేజ్‌లు ఒక్కొక్కటిగా వినిపించాడు. ఒకటి నాది, ఒకటి మరిదిది, ఒకటి మా ఆయనది. ఆ రోజు నాకు చాలా సిగ్గేసింది. మొత్తం ఇచ్చేశాను.

ఆ తర్వాత నుంచి ఇంట్లో మాట్లాడుకుని మేస్త్రీతో నేనొక్కదాన్నే మాట్లాడాను. మొదట్లో ఆయన నా ముందు నిలబడి మా మరిది వైపు చూసి జవాబు చెప్పేవాడు, ఆడమనిషికి ఏం తెలుసని. మరిదిని సైట్‌కు రావద్దన్నాను. రెండు వారాల్లో అలవాటైంది. సుతారికి, కూలీలకు నేరుగా ఏమీ చెప్పేదాన్ని కాదు, నచ్చకపోతే మేస్త్రీని పక్కకు పిలిచి చెప్పేదాన్ని. తన మనుషుల ముందు మాట పడితే ఆయన మాట వాళ్లు రేపు వినరు, ఆ నష్టం మన ఇంటికే.

పది రూపాయల నోట్‌బుక్ ఒకటి కొన్నాను. ప్రతి ఆదివారం ఆ వారం ఏం పని అయింది, ఎంత ఇచ్చాను, వచ్చే వారానికి నేను తెప్పించాల్సిన సామాను ఏమిటి, ఎక్స్‌ట్రా ఏమైనా ఉందా, ఉంటే ఎంత, అన్నీ రాసి కింద ఆయన సంతకం, నా సంతకం. ఎక్స్‌ట్రా పని మొదలుకాకముందే రేటు రాయాలి, రాయకపోతే లేదు. ఆయనకు మొదట కోపమొచ్చింది, నమ్మకం లేదా అమ్మా అన్నాడు. అన్నా, నువ్వు రేపు మర్చిపోతే నాకు నష్టం, నేను మర్చిపోతే నీకు నష్టం అన్నాను. నెల తిరిగాక తనే అడిగి మరీ రాయించేవాడు, ఎందుకంటే ఇసుక నా వల్లే ఐదు రోజులు ఆగిందని కూడా అందులో ఉండేది.

మీ బాపుకు మాత్రం కోపంగా చెప్పకండి. ఆయన ఇంట్లో ఆయన మాటకు విలువ లేదనుకుంటే చాలా నొచ్చుకుంటారు. ఆయన నాతో చెబితే నేను మేస్త్రీకి చెబుతానని చెప్పండి.

కాజీపేట వకీలు

రెండు మూడు విషయాలు కలగాపులగంగా ఉన్నాయి కాబట్టి చట్టం వైపు నుంచి రాస్తున్నాను.

నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ఇలాంటి పనికి కాగితం ఉండి తీరాలని అనదు. రుజువు చేయడమే కష్టం. మీరు ఫోన్‌లో పంపిన పైసల వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు, ఫొటోలు అన్నీ దాచుకోండి, అవి సాక్ష్యంగా పనికొస్తాయి.

ఎక్స్‌ట్రా పని సంగతి. అదే చట్టంలో 70వ సెక్షన్ ఉంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు మన కోసం పని చేసి, దాని ప్రయోజనం మనం అనుభవిస్తుంటే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. సంపు, గోడ, దేవుడి గది మీరు వాడుకుంటారు కాబట్టి రేటు మాట్లాడుకోలేదన్న కారణంతో ఎగ్గొట్టలేరు. అలాగని ఆయన అడిగినంతా ఇవ్వాలని కాదు, ఆ పనికి న్యాయంగా అయ్యే విలువ ఇవ్వాలి. ఎంతమంది ఎన్ని రోజులు చేశారో ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి.

జీతానికి ఉన్న మనిషా, స్వతంత్రంగా పని చేసే మనిషా అని మీరు అడిగారు. ఈ తేడాకు చట్టంలో చాలా విలువ ఉంది. మీ మాట ప్రకారం రోజంతా నడుచుకునే వ్యక్తిగత సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదు. తన నైపుణ్యంతో, తన మనుషులతో పని పూర్తి చేసి ఇచ్చేవారి సేవ వస్తుంది. డాక్టర్ల విషయంలో 1995లో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరంగా చెప్పింది. ఇళ్ల నిర్మాణం 2019 చట్టంలో 'సర్వీస్' నిర్వచనంలోనే ఉంది. అంటే ఆయన మీ జీతగాడు కాకపోవడం వల్లే ఆ చట్టం మీకు పనికొస్తుంది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి, 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వెయ్యాలి. మేస్త్రీకి రావాల్సిన పైసల కోసం ఆయన సివిల్ కోర్టుకు పోవాలంటే గడువు మూడేళ్లు.

ఠాణా సలహా ఇచ్చినవారికి ఒక మాట. పని ఆపేయడం, ఒప్పందం తప్పడం దానంతట అదే నేరం కాదు. మొదటి రోజు నుంచే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపిస్తేనే చీటింగ్ అవుతుంది. ఇక్కడ ఒక అంతస్తు కట్టిన మనిషి ఉన్నాడు, అది నిలబడదు.

కేసు కంటే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఇంట్లో కుదిరితే అదీ అక్కర్లేదు.

సుతారి మేస్త్రీ, హసన్‌పర్తి

వకీలు సార్ మంచిగా చెప్పారు. మేస్త్రీని మార్చడం గురించి నేను చెబుతాను. మా దగ్గర ఒక అలవాటుంది, ఒకరి చేతిలో ఉన్న పనిని ఇంకో మేస్త్రీ ముట్టుకోడు, ముందు ఆయన లెక్క తేల్చుకురండి అంటాడు. తేల్చినా సగం పనికి రేటు ఎక్కువ అడుగుతాడు, వాళ్లు పోసిన పిల్లర్ వంకర ఉంటే నాకు సంబంధం లేదంటాడు. అది ఆఖరి దారిగా ఉంచుకోండి.

ఆదివారం ఆయనను మీ సైట్‌కు కాదు, ఇంటికి పిలవండి. మీ మేనమామను కూర్చోబెట్టండి. మొదటి మాట పైసల గురించి ఎత్తకండి. అన్నా, నీకు ఎక్కడ ఇరుకైంది అని అడగండి. నన్ను ఆ రోజుల్లో ఒక్క ఓనర్ అలా అడిగాడు, మిగతా ఇద్దరి కంటే ముందు ఆయన ఇల్లే పూర్తి చేశాను. తర్వాత లెక్క ఏఈ సార్ చెప్పినట్టు ముందు పెట్టండి. ముందుకు పోయిన పైసలు ఒక్కసారే కోయకండి, కోస్తే రాడు. రెండు మూడు దఫాల్లో కోయండి.

పై స్లాబు పైసలు ఒకే ముద్దగా ఉంచకండి. సెంట్రింగ్ కొట్టాక కొంత, స్టీలు కట్టాక కొంత, స్లాబు పోసిన సాయంత్రం కొంత. స్లాబు నాడు కాంక్రీట్ కలిపే మిల్లర్ వాళ్లకు, కూలీలకు ఆ రోజే ఇవ్వాలి, ఆ పైసలు ఆపితే మేస్త్రీ నలుగురిలో నిలబడలేడు. అలాగే మీ వైపు పని కూడా రాయండి. స్టీలు, సిమెంటు, ఇసుక ఏ తారీకుకు దిగుతుందో. మీ సామాను లేటైతే ఆయన తారీకు కూడా అన్ని రోజులు జరుగుతుంది.

ఆయన కూలీలకు లేబర్ కార్డులు ఉన్నాయో లేదో కూడా అడగండి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు రాయించుకోవచ్చు. పై స్లాబు మీద ఎవరైనా జారిపడితే ఆ కార్డే వాళ్ల ఇంటికి ఆధారం. మా వాళ్లలో సగం మంది రెన్యువల్ చేయించుకోరు, ఓనర్ అడిగితే సిగ్గుపడైనా చేయించుకుంటారు.

గోపాల్‌పూర్ ఇల్లు

అందరికీ అప్‌డేట్ ఇస్తున్నాను. మొన్న ఆదివారం మేనమామ ఫోన్ చేస్తే వచ్చాడు. రావడమే తల వంచుకుని వచ్చాడు. హసన్‌పర్తి అన్న చెప్పినట్టే ఎక్కడ ఇరుకైందని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, ఇంతకుముందు కట్టిన ఒక ఇంటి ఓనర్ గృహప్రవేశమై ఐదు నెలలైనా 1,40,000 ఇవ్వలేదట, సెంట్రింగ్ వాళ్లు ఆ బాకీ తీర్చేదాకా పలకలు ఇచ్చేది లేదన్నారట. నా పైసల్లో కొంత ఆ లేబర్‌కే పోయిందని తనే ఒప్పుకున్నాడు. బాపు లోపలి నుంచి వచ్చి, దేవుడి గది నేనే జరపమన్నాను, ఆ తప్పు నాది అన్నాడు. ఆ మాటతో వాతావరణం చాలా మారింది.

ఎక్స్‌ట్రా లెక్క అందరం కూర్చుని వేశాం. సంపుకు ఇద్దరు సుతారులు, ముగ్గురు కూలీలు నాలుగు రోజులు, 17,800. కాంపౌండ్ గోడకు ఇద్దరు, ఇద్దరు ఆరు రోజులు, 22,200. దేవుడి గది ఒక సుతారి, ఒక కూలీ మూడు రోజులు, 5,550. మొత్తం 45,550 వచ్చింది. మేస్త్రీకి తన వాటా కూడా ఉండాలి కదా అని మేనమామ 54,000 దగ్గర తెంపాడు. ముందుకు పోయిన 1,32,500లో అది తీసేస్తే 78,500 మిగిలింది. పై స్లాబులో 40,000, ప్లాస్టరింగ్‌లో 38,500 కోసుకుంటాను. స్లాబుకు ఇక 1,50,000 ఇవ్వాలి. సెంట్రింగ్ కొట్టాక 40,000, స్టీలు కట్టాక 40,000, పోసిన సాయంత్రం 50,000, సెంట్రింగ్ విప్పాక 20,000. విప్పే రోజు ఏఈ సార్ చెప్పిన లెక్క ప్రకారమే అని రాశాం. నోట్‌బుక్ అక్క చెప్పినట్టే కొన్నాను, మొదటి పేజీలో మేస్త్రీ, నేను, సాక్షిగా మేనమామ సంతకాలు.

పాత బాకీ వల్ల సెంట్రింగ్ దొరకదేమోనని భయం ఇంకా ఉంది. మేస్త్రీ వేరే వాళ్ల దగ్గర మాట్లాడానన్నాడు. నిన్న సాయంత్రం బాపు ఫోన్ చేసి, ఒక ట్రాలీ పోట్లు దిగాయి, నలుగురు వచ్చారు అని చెప్పాడు. ఆయన గొంతు వింటే నాకు సగం బరువు దిగింది.

ఒక చిన్న డౌట్. స్టీలు కట్టాక కరెంటు పైపులు వేసేవాళ్లకు ఎన్ని రోజులు వదలాలి? మా ఎలక్ట్రీషియన్ ఒక్క రోజు చాలంటున్నాడు.

సుతారి మేస్త్రీ, హసన్‌పర్తి

రెండు రోజులు రాయండి తమ్మీ. ఒక రోజు ఆయన పైపులకు, రెండో రోజు స్టీలు జరిగిన చోట మళ్లీ సరిచేసి, స్టీలు కింద పెట్టే కవర్ బ్లాకులు చూసుకోవడానికి. ఎలక్ట్రీషియన్ కూడా గుత్త మనిషే, ఆయన తారీకు కూడా నోట్‌బుక్‌లో రాయించి సంతకం తీసుకోండి.